ప్రొరోగ్ అంటే వాయిదానా, ముగింపా, రద్దా? వాక్యంలో ఎలా వాడాలి?

ప్రశ్న: సగంనిఘంటువు

పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం పాలిటీ పుస్తకం ఒకటి తెలుగులోకి తెస్తున్నాను. ఇన్నాళ్లూ సాఫీగా నడిచిన పని ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు మన లిపిలో పెడితే ఇలా ఉంటుంది: ‘ద హౌస్ వాజ్ అడ్జర్న్‌డ్ సైనె డై ఆన్ ఫ్రైడే అండ్ వాజ్ సబ్సిక్వెంట్లీ ప్రొరోగ్డ్ బై ద ప్రెసిడెంట్.’

అడ్జర్న్‌కి వాయిదా ఉంది. సైనె డైకి నిరవధిక వాయిదా అని పత్రికలు ఎప్పుడో స్థిరపరిచేశాయి. ప్రొరోగ్ దగ్గరికొచ్చేసరికి ఏం రాసినా అనుమానంగానే ఉంది. నా దగ్గరున్న నిఘంటువు ‘వాయిదా వేయు, నిలిపివేయు, పొడిగించు’ అని మూడు అర్థాలిచ్చి చేతులు దులుపుకుంది. నిలిపివేయడం, పొడిగించడం రెండూ ఒకే మాటలో ఎలా ఇముడుతాయో నాకు అంతుబట్టలేదు. తెలిసినాయన ఒకరిని అడిగితే ‘రద్దు చేయడమేనండీ, దాందేముంది’ అన్నారు. అలా రాసేస్తే రేపు డిజాల్వ్ వచ్చినప్పుడు ఏం రాయను?

పత్రికల్లో చూస్తే ‘అసెంబ్లీ ప్రొరోగ్’ అని ఇంగ్లీషు మాటనే దించేస్తున్నారు. వాళ్లకు స్థలం తక్కువ, సరే. పుస్తకంలో అలా వదిలేస్తే చదివే పిల్లలకు ఏం తెలుస్తుంది?

ఇంకో రెండు చిన్న సందేహాలు. దీన్ని చట్టసభల బయట వాడొచ్చా? ‘మేనేజర్ మీటింగును ప్రొరోగ్ చేశాడు’ అనొచ్చా? పలకడం ఎలా? ఒక వీడియో పాఠంలో మాస్టారు పదే పదే ‘ప్రొరోగ్యూ’ అంటున్నారు. వినీ వినీ నాకూ అదే నోట్లో తిరుగుతోంది.

జవాబు: పాతడెస్క్

ముందు పలకడం సంగతి తేల్చేద్దాం, అది తేలిక. మాట చివర ఉన్న యు, ఇ అక్షరాలు రెండూ మౌనవ్రతంలో ఉంటాయి. వోగ్, డైలాగ్ లాంటి మాటల్లోనూ అంతే కదా. ప్రొ-రోగ్, ఊనిక ‘రో’ మీద. నామవాచకం ప్రొరొగేషన్, అందులో ఊనిక ‘గే’ మీదికి జరుగుతుంది. ‘ప్రొరోగ్యూ’ అనేది ఇంగ్లీషులో లేదు. మాస్టారికి చెప్పే ధైర్యం మీకుంటే చెప్పండి.

ఇక అర్థం. నేను చాలా ఏళ్లు పత్రికలో రాత్రి డెస్కు మీద పనిచేశాను. అసెంబ్లీ సమావేశాలు ముగిసిన కొన్నాళ్లకి, ఎవరూ ఎదురుచూడని వేళ, గవర్నర్ ఉత్తర్వు ఒకటి వచ్చిపడేది. చూడ్డానికి ఏమీ ఉండదు, రెండు మూడు వాక్యాలు. రాజ్యాంగంలోని ఫలానా అధికరణ నాకు ఇచ్చిన అధికారంతో, స్పీకర్ ఫలానా తేదీన నిరవధికంగా వాయిదా వేసిన శాసనసభను ఇందుమూలంగా ప్రొరోగ్ చేస్తున్నాను, సంతకం. అంతే. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఆ వార్త ఇస్తే నూటికి తొంభైమంది ‘అసెంబ్లీ రద్దు’ అని శీర్షిక పెట్టేవాళ్లు. అది గనక అచ్చయితే తెల్లారేసరికి ఎమ్మెల్యేలందరూ మాజీలు, ఊరూరా ఎన్నికల హడావిడి! కాబట్టి మీకు సలహా ఇచ్చినాయనకి నా తరఫున చెప్పండి, రద్దు కానే కాదు.

చిక్కంతా ప్రొరోగ్‌లో లేదు, మన ‘సమావేశం’లో ఉందని నా అభిప్రాయం. ఇంగ్లీషులో సిట్టింగ్ వేరు, సెషన్ వేరు. పొద్దున్న మొదలై సాయంత్రం ముగిసేది సిట్టింగ్. అలాంటివి పదో ఇరవయ్యో కలిసి, ఒక పిలుపుతో మొదలై ఒక ఉత్తర్వుతో ముగిసేది సెషన్. మనం రెంటినీ సమావేశం అనే అంటాం. మహా అయితే ఏకవచనం, బహువచనం తేడా చూపిస్తాం: ఇవాళ్టి సమావేశం, వర్షాకాల సమావేశాలు. ఆ బహువచనమే మనకు సెషన్. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది. అడ్జర్న్ చేస్తే ఆగేది ఆ పూట సమావేశం. ప్రొరోగ్ చేస్తే ముగిసేవి సమావేశాలు. డిజాల్వ్ చేస్తే పోయేది సభే.

ఎవరు చేస్తారన్నది కూడా అర్థంలో భాగమే. నిఘంటువులు దీన్ని పట్టించుకోవు. అడ్జర్న్ చేసేది లోపల కుర్చీలో కూర్చున్న మనిషి: స్పీకరో, రాజ్యసభ ఛైర్మనో. సైనె డై అడ్జర్న్ చేసేదీ ఆయనే, ఫలానా రోజున మళ్లీ కలుద్దామని చెప్పకుండా లేస్తాడు, అంతే తేడా. ప్రొరోగ్ చేసేది బయటి మనిషి. పార్లమెంటుకైతే 85వ అధికరణ రెండో ఖండం కింద రాష్ట్రపతి, అసెంబ్లీకైతే 174 రెండో ఖండం కింద గవర్నర్. ఇద్దరూ మంత్రివర్గం సలహా మీదే చేస్తారనుకోండి. బ్రిటన్‌లో ఈ అధికారం రాజుది, అక్కడా ప్రధాని సలహా మీదే. అందుకే ‘స్పీకర్ సభను ప్రొరోగ్ చేశారు’ అనే వాక్యం ఎక్కడ కనబడినా నిస్సంకోచంగా ఎర్ర సిరా పెట్టండి.

వాడుకకు సంబంధించి అసలు కిటుకు ఒకటుంది. రాజ్యాంగం ‘సెషన్‌ను ప్రొరోగ్ చేయవచ్చు’ అనదు, ‘ఉభయ సభలను గానీ, ఏదో ఒక సభను గానీ ప్రొరోగ్ చేయవచ్చు’ అంటుంది. అంటే ఇంగ్లీషులో ఆ క్రియకి కర్మ సభ, ముగిసేది మాత్రం సమావేశాలు. తెలుగులో ఆ పప్పు ఉడకదు. ‘రాష్ట్రపతి సభను ముగించారు’ అని రాస్తే సభ పనే అయిపోయినట్టుంటుంది. కర్మను మార్చండి: ‘సభ సమావేశాలను ముగిస్తూ రాష్ట్రపతి ఉత్తర్వులిచ్చారు’. మీ కష్టం సగం ఇక్కడే తీరిపోతుంది.

‘ఏదో ఒక సభను’ అన్న ముక్క ఊరికే పెట్టింది కాదు. 2015 మార్చి చివర బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో ఒక్క రాజ్యసభనే ప్రొరోగ్ చేశారు. లోక్‌సభను ముట్టుకోలేదు. ఎందుకంటే భూసేకరణ ఆర్డినెన్సు (సభలు లేని వేళ ప్రభుత్వం తెచ్చే తాత్కాలిక చట్టం) గడువు ఏప్రిల్ మొదటివారంలో తీరిపోతోంది, దాన్ని మళ్లీ జారీ చేయాలి. 123వ అధికరణ ప్రకారం రెండు సభలూ సెషన్‌లో ఉండగా ఆర్డినెన్సు ఇవ్వడానికి లేదు. ఒక్క సభ సెషన్‌లో లేకపోయినా చాలు, దారి తెరుచుకున్నట్టే. సభ జరగడం లేదు కదా, అందరూ ఇళ్లకెళ్లిపోయారు కదా అంటే సరిపోదు. విరామంలో ఉన్నా సెషన్ బతికే ఉంటుంది. దాన్ని ముగించడానికి ఈ మాట పలకాల్సిందే. రాజ్యసభను డిజాల్వ్ చేయడం ఎవరి తరమూ కాదు గానీ ప్రొరోగ్ మాత్రం చేయొచ్చు. మీ పుస్తకంలో ఈ రెండు మాటల తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నిలిపివేయడం, పొడిగించడం ఒకే మాటలో ఎలా అన్నారు కదా, అది రాత్రికి రాస్తాను. ఆ కథ కొంచెం పొడుగు.

జవాబు: ఊరకేచదువరి

నాలాంటివాడికి అర్థమయ్యేలా చెప్పుకుంటే, అడ్జర్న్ అంటే నాటకం మధ్యలో తెర దించడం, ప్రొరోగ్ అంటే ఆ నాటకం అయిపోయిందని మంగళం పాడటం, డిజాల్వ్ అంటే నాటక కంపెనీనే ఎత్తేయడం. సరిపోయిందా సార్?

జవాబు: పాతడెస్క్

చాలావరకు సరిపోయింది. ఒక్క సవరణ: మంగళం పాడేది నటులు కారు, ఊళ్లోంచి పెద్దమనిషి కబురు పెడతాడు. ఆ కబురు రానంతవరకు స్పీకర్ మళ్లీ గంట కొట్టి తెర లేపొచ్చు. సైనె డై అన్నారు కదా, అయిపోయిందనుకుని మేకప్ తుడిచేసుకున్న సభ్యులు మళ్లీ రావాల్సిందే.

ఇప్పుడు పాత కథ. లాటిన్‌లో రొగారె అంటే అడగడం. రోమ్‌లో కొత్త చట్టం కావాలంటే అధికారి ప్రజల సభ ముందు నిలబడి ‘ఇది మీకు సమ్మతమేనా’ అని అడగాలి. ముందుకు అనే అర్థమున్న ‘ప్రొ’ దానికి తగిలితే ప్రొరొగారె, ఒకరి పదవీకాలాన్ని ముందుకు జరపమని అడగడం. పొడిగించడమన్నమాట! క్రీస్తుపూర్వం 326లో పబ్లీలియస్ ఫైలో అనే కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) నేపొలిస్ దగ్గర ముట్టడిలో ఉండగా అతని ఏడాది పదవి అయిపోవచ్చింది. యుద్ధం నడుమ సేనానిని మార్చడం బాగుండదని, పదవి ముగిసినా అధికారం కొనసాగేలా చేశారు. రోమన్ చరిత్రలో ఇలాంటి పొడిగింపు అదే మొదటిదని చెబుతారు. నేపొలిస్ అంటే ఇవాళ్టి నేపుల్స్.

ఇంగ్లీషువాళ్లకి ఈ మాట ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో చేరింది. మొదట్లో పొడిగించు, తర్వాతికి జరుపు అనే అర్థాలతోనే వాడారు. షేక్‌స్పియర్ రోమియో జూలియట్‌లో ఇది రెండు చోట్ల వస్తుంది, రెండు చోట్లా అర్థం జాప్యం చేయడమే. ఒకచోట చావును జాప్యం చేయడం గురించి రోమియో అంటాడు. ఇంకోచోట గురువారం జరగాల్సిన పెళ్లిని ఏదీ జాప్యం చేయలేదట కదా అని పాదిరీ జూలియట్‌తో అంటాడు. పార్లమెంటు విషయంలోనూ లోపల జరిగింది ఇదే. రాజు సభను ‘తర్వాతికి జరిపాడు’ అంటే చేతిలో ఉన్న సమావేశాలు ఆగిపోయినట్టే కదా. జనానికి కనబడింది ఆ ఆగిపోవడం. కాలక్రమంలో మాటకి అదే అంటుకుపోయింది. పొడిగింపు అర్థం ఇంగ్లీషులో రాలిపోయింది, నిఘంటువుల్లో మాత్రం శిలాజంలా మిగిలింది. మీ నిఘంటువు తప్పు చెప్పలేదు, కాకపోతే ఏది ఏ కాలం నాటి అర్థమో చెప్పకుండా మూడింటినీ ఒకే గాటన కట్టేసింది.

జవాబు: బంతాట

పాతడెస్క్ గారు పొడిగింపు అనగానే నాకు బల్బు వెలిగింది. నేను స్పానిష్ కామెంటరీతో ఫుట్‌బాల్ చూస్తాను, అర్థమయ్యేది సగమే అయినా ఆ ఊపే వేరు. 90 నిమిషాలకీ స్కోరు సమంగా ఉంటే ఆడించే 30 నిమిషాల అదనపు ఆటను వాళ్లు ‘ప్రొర్రోగా’ అంటారు. 2022 ప్రపంచ కప్ ఫైనల్లో అర్జెంటీనా, ఫ్రాన్స్ 2-2 దగ్గర ఆగినప్పుడు ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. పోర్చుగీసులో కూడా దాదాపు ఇదే మాట. అంటే ఒకే లాటిన్ తల్లి బిడ్డలు, ఇంగ్లీషువాడి దగ్గర ఆట కట్టేయడం, స్పానిష్‌వాడి దగ్గర ఆట పొడిగించడం! ఇన్నాళ్లూ రెండూ ఒకటేనని తెలియనే లేదు.

జవాబు: పాతడెస్క్

బ్రహ్మాండం. ఇటలీలో గడువు పొడిగింపును ‘ప్రొరొగా’ అంటారు. పన్ను కట్టడానికి ఇంకో నెల ఇచ్చారని అక్కడి పత్రికల్లో వస్తే ఈ మాటే ఉంటుంది. యూరప్ భాషల నుంచి ఇంగ్లీషులోకి అనువదించేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

జవాబు: నల్లకోటు

కోర్టు పక్షాన ఒకటి కలుపుతాను. పొడిగింపు అర్థం ఇంగ్లీషులో పూర్తిగా రాలిపోలేదండీ, న్యాయభాషలో ఒక మూల బతికే ఉంది. వేర్వేరు దేశాల కంపెనీలు ఒప్పందం రాసుకుంటూ ‘తగాదా వస్తే ఫలానా కోర్టుకే వెళ్దాం’ అని ముందే ఒప్పుకుంటాయి. మామూలుగా తమ మీద అధికారం లేని కోర్టుకి ఆ ఒప్పందంతో అధికారం విస్తరించినట్టు. దీన్ని యూరప్ న్యాయశాస్త్రంలో ప్రొరొగేషన్ ఆఫ్ జ్యురిస్‌డిక్షన్ అంటారు. స్కాట్లండ్ న్యాయవాదుల దగ్గర దీనికి ప్రొరొగేట్ అనే క్రియ కూడా ఉంది. పాలిటీ పుస్తకంలో ఇది రాదు గానీ, మీరు రేపు ఒప్పంద పత్రం అనువాదానికి కూర్చుంటే అక్కడ మాత్రం ‘కోర్టు సమావేశాలు ముగించారు’ అని రాసేయకండి.

ఇక చట్టసభల విషయం. ఈ మాటకున్న బరువు తెలియాలంటే 2019 బ్రిటన్ సంగతి చూడాలి. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడటం) గడువు ముంచుకొస్తుండగా ప్రధాని బోరిస్ జాన్సన్ సలహా మీద రాణి పార్లమెంటును ప్రొరోగ్ చేశారు. సెప్టెంబర్ 10 తెల్లవారుజామున సభ మూతపడింది, మళ్లీ అక్టోబర్ 14న తెరవాలి. మామూలుగా కొన్ని రోజుల్లో అయిపోయే తంతు అయిదు వారాలకి సాగింది. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ సలహా చట్టవిరుద్ధమన్నారు. కోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్ చదివిన ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది: ఆ రోజు రాజప్రతినిధులు ఖాళీ కాగితం పట్టుకుని పార్లమెంటులోకి నడిచొచ్చినట్టే లెక్క అన్నారు. అంటే ప్రొరొగేషన్‌ను కోర్టు రద్దు చేసిందనడం కూడా సరికాదు, అసలది జరగనే లేదని చెప్పింది. మర్నాడు సభ కూర్చోగానే స్పీకర్ జాన్ బెర్కో సభ జర్నల్‌లోంచి ప్రొరొగేషన్ నమోదును తీసేయించి, దాని స్థానంలో సభ అడ్జర్న్ అయినట్టు రాయించారు. అడ్జర్న్‌కీ ప్రొరోగ్‌కీ తేడా ఏమిటని మా జూనియర్లు అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఈ దిద్దుబాటు గురించే.

ఎందుకంత గొడవంటారా? ప్రొరోగ్ చేస్తే బ్రిటన్‌లో పెండింగ్ బిల్లులు సాధారణంగా చచ్చిపోతాయి, తర్వాతి సెషన్‌కి మోసుకెళ్లడానికి ప్రత్యేకంగా తీర్మానం చేసుకుంటే తప్ప. మన దగ్గర అలా కాదు. 107వ అధికరణ మూడో ఖండం, ప్రొరోగ్ చేసినంతమాత్రాన పార్లమెంటులో పెండింగ్ బిల్లు మురిగిపోదని తేటతెల్లంగా చెబుతుంది. రాష్ట్రాలకి 196 కూడా అదే మాట అంటుంది. బ్రిటిష్ పుస్తకం చూసి రాసిన నోట్సుల్లో ఇది తారుమారవుతుంటుంది, మీ పుస్తకంలో ఆ పేజీ ఒకసారి సరిచూసుకోండి.

జవాబు: సగంనిఘంటువు

నల్లకోటు గారూ, సరిగ్గా అదే పేజీలో ‘పెండింగ్ బిల్లులన్నీ మురిగిపోతాయి’ అని ఉంది! మూల రచయితకి రాస్తాను. మరి మన దగ్గర బిల్లు చావదు, సభ్యుడి పదవి పోదు. ఇక ప్రొరోగ్ చేస్తే ఒరిగేదేమిటి? ఆర్డినెన్సు సంగతి తప్ప ఇంకేమైనా తేడా పడుతుందా, లేక ఉత్తుత్తి లాంఛనమేనా?

జవాబు: పాతడెస్క్

లాంఛనమే అనిపిస్తుంది, ఎవరైనా దాన్ని చేయకుండా ఊరుకునేవరకు.

సభ్యులిచ్చిన నోటీసులు ఉంటాయి చూశారా, బిల్లు ప్రవేశపెడతామనే నోటీసులు మినహా మిగతావి ప్రొరోగ్‌తో మురిగిపోతాయి, కొత్త సెషన్‌కి మళ్లీ ఇచ్చుకోవాలి. అది చిన్న సంగతి. పెద్దది వేరే ఉంది. 176వ అధికరణ ప్రకారం ఏటా మొదటి సెషన్ మొదట్లో గవర్నర్ సభనుద్దేశించి ప్రసంగించాలి. అక్కడున్నది సెషన్ అనే మాట. పాత సెషన్‌ని ముగించకపోతే కొత్తది మొదలవదు. కొత్తది మొదలవకపోతే? 2022 మార్చి 7న తెలంగాణ అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు గవర్నర్ ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. ప్రభుత్వం చెప్పిన కారణం ఒక్కటే: 2021 సెప్టెంబర్‌లో మొదలైన సమావేశాలను ప్రొరోగ్ చేయలేదు, ఇవి వాటి కొనసాగింపే. గవర్నర్ నొచ్చుకున్నారు, ప్రతిపక్షాలు గోల చేశాయి. ఎవరిది న్యాయమన్న రాజకీయం మనకొద్దు. భాష పరంగా చూస్తే, పలకని మాట ఒకటి అంత పని చేసింది.

అప్పట్లో ఆ వార్త దిద్దినప్పుడు డెస్కులో పెద్ద చర్చే నడిచింది. ‘కొనసాగింపు సమావేశాలు’ అంటే పాఠకుడికి తలా తోకా తెలియదు. ‘గత సమావేశాలను గవర్నర్ ఉత్తర్వుతో లాంఛనంగా ముగించలేదు కాబట్టి’ అని ఒక వాక్యం అదనంగా పెట్టాం. శీర్షికలో మాత్రం ప్రొరోగ్ అనే ఉంచాం, వేరే దారి లేదు. హిందీవాళ్లకి సత్రావసాన్ అని ఒక్క మాటలో తెమిలిపోతుంది. మనం కూడా ‘సత్రావసానం’ అందామని ఒకాయన పట్టుబట్టాడు. తెలుగువాడికి సత్రం అనగానే గుర్తొచ్చేది ప్రయాణికులు దిగే సత్రం. అవసానం అంటే పోయేకాలం. ఆ రెండూ కలిసి శీర్షికకెక్కితే ఏ ధర్మసత్రానికో ఆఖరి ఘడియలొచ్చాయని పాఠకుడు జాలిపడతాడు. పక్కన పెట్టేశాం.

జవాబు: నల్లకోటు

పంజాబ్ కేసు కూడా ఈ కోవలోదే. 2023 మార్చి 22న అక్కడి స్పీకర్ బడ్జెట్ సమావేశాలను సైనె డై వాయిదా వేశారు. ప్రొరోగ్ కాలేదు. జూన్ 19, 20 తేదీల్లో అదే సెషన్ కింద సభను మళ్లీ పిలిచారు, బిల్లులు పాస్ చేశారు. అసలు ఆ రెండు రోజుల సభే చెల్లదేమోనని గవర్నర్ బిల్లుల మీద కూర్చున్నారు. నవంబర్ 10న సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ప్రొరోగ్ కానంతవరకు సభను మళ్లీ పిలిచే అధికారం స్పీకర్‌కి ఉంది, ఆ సభ చెల్లుతుంది, చెల్లదనే సాకుతో బిల్లులు ఆపడానికి వీల్లేదు అని. ఊరకేచదువరి గారు అడిగిన దానికి పాతడెస్క్ గారు చెప్పిన గంట కొట్టడమంటే ఇదే.

జవాబు: ఊరకేచదువరి

కెనడాలో కూడా ఈ మాట తరచూ వినబడుతుంటుంది కదా?

జవాబు: నల్లకోటు

అవును. 2008 డిసెంబర్‌లో ప్రధాని స్టీఫెన్ హార్పర్ మైనారిటీ ప్రభుత్వం మీద ప్రతిపక్షాలు ఏకమై అవిశ్వాసానికి సిద్ధమయ్యాయి. ఆయన రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్‌ను కలిసి పార్లమెంటును ప్రొరోగ్ చేయించుకున్నారు. జనవరి చివర్లో సభ తెరుచుకునేసరికి ఆ ఐక్యత చెదిరిపోయింది. 2025 జనవరిలో అప్పటి ప్రధాని ట్రూడో రాజీనామా ప్రకటిస్తూ మార్చి 24 వరకు ప్రొరోగ్ చేయించారు. అందుకే అక్కడి వార్తల్లో ఈ మాటకి ‘తప్పించుకోవడం’ అనే వాసన అంటుకుంది. మన రాజ్యాంగ పాఠంలో ఆ వాసన లేదు, ఇది రొటీన్ ఉత్తర్వు. అంతర్జాతీయ వార్త అనువదించేటప్పుడు సందర్భం చూసుకోవాలి, అంతే.

జవాబు: పాతడెస్క్

ఆఫీసు మీటింగు ప్రశ్న అందరం మరిచిపోయాం. మేనేజర్ మీటింగును ప్రొరోగ్ చేశాడని ఇంగ్లీషులో ఎవరైనా అంటే అది వెటకారమే. మేనేజర్ తనను తాను మహారాజు అనుకుంటున్నాడని ఎత్తిపొడుపు. మామూలు అర్థంలో వాడితే వినేవాళ్లు తేడాగా చూస్తారు. మీటింగుకి పోస్ట్‌పోన్ ఉంది, అడ్జర్న్ ఉంది, చాలు. ఉద్యోగ దరఖాస్తులో, సెలవు చీటీలో దీన్ని ఇరికించాలని మాత్రం చూడకండి. పెద్ద మాట తెలుసని చూపించుకోవడానికి వాడితే నవ్వులపాలవుతాం. నిర్ణయాన్ని, పెళ్లిని, చావును ప్రొరోగ్ చేయడం షేక్‌స్పియర్‌తోనే సరి.

ఇంగ్లీషు వాక్యంలో ఎక్కువగా కనబడే రూపాలు రెండే. ఒకటి కర్మణి: హౌస్ వాజ్ ప్రొరోగ్డ్, లేదా ఉత్తర్వుల్లో స్టాండ్స్ ప్రొరోగ్డ్. రెండోది రాష్ట్రపతి కర్తగా సూటి వాక్యం. కర్మ లేకుండా ‘పార్లమెంట్ ప్రొరోగ్డ్ ఆన్ ట్యూస్‌డే’ అని కూడా బ్రిటన్‌లో రాస్తారు, తప్పు కాదు. మన ‘పార్లమెంటు ప్రొరోగ్ అయింది’ లాగా.

జవాబు: సగంనిఘంటువు

అందరికీ ధన్యవాదాలు. ఇలా రాశాను, చూడండి: ‘శుక్రవారం స్పీకర్ సభను నిరవధికంగా వాయిదా వేశారు. తదుపరి రాష్ట్రపతి చేత సభ ప్రొరోగ్ చేయబడింది, అనగా సమావేశాలు ముగించబడ్డాయి.’ పుస్తకం చివర పదాల పట్టికలో కూడా దీన్ని చేర్చాలి. అక్కడ ఏం రాయను?

జవాబు: పాతడెస్క్

‘చేత చేయబడింది’ వద్దండీ, అది గెజిట్‌కే వదిలేయండి. ఇలా పెట్టండి: ‘శుక్రవారం స్పీకర్ సభను నిరవధికంగా వాయిదా వేశారు. ఆ తర్వాత రాష్ట్రపతి సభను ప్రొరోగ్ చేశారు, అంటే ఆ విడత సమావేశాలను ముగిస్తూ ఉత్తర్వులిచ్చారు.’ మొదటిసారి వచ్చినప్పుడు వివరణ చాలు, తర్వాత ప్రొరోగ్ అని ధైర్యంగా వాడేయండి. పరీక్ష ప్రశ్నపత్రంలో వాళ్లకి ఎదురయ్యేది ఆ మాటే. మనం ముచ్చటపడి కొత్త తెలుగు మాట పుట్టిస్తే పిల్లవాడు హాల్లో తల గోక్కుంటాడు.

పట్టికలో: ‘ప్రొరోగ్ చేయు: చట్టసభ ఒక విడత సమావేశాలను ముగిస్తూ రాష్ట్రపతి లేదా గవర్నర్ ఉత్తర్వు ఇవ్వడం. సభ రద్దు కాదు, పెండింగ్ బిల్లులు మురిగిపోవు.’ అడ్జర్న్, డిజాల్వ్ ఉన్న పేజీల నంబర్లు కూడా పక్కనే ఇవ్వండి. ఆ బిల్లుల పేజీ మాత్రం మూల రచయిత జవాబు వచ్చేదాకా ప్రెస్సుకి పంపకండి.